విశాఖ కొండల మీద టైమ్‌ల్యాప్స్: ముద్ర లేని టైమర్ రిమోట్ సమీక్ష

కెమెరా దుకాణంలో టైమర్ రిమోట్ అని అడిగితే ఇచ్చే వస్తువు ఇది. అరచేతిలో ఇమిడే పెట్టె, పైన బూడిదరంగు తెర, కింద నాలుగైదు బటన్లు, మీటరుకు అటూ ఇటూగా తీగ, తీగ కొసన కెమెరాలో గుచ్చే పిన్ను. ఇంటర్వెలోమీటర్ అన్నా ఇదే. రెండు ట్రిపుల్ ఏ సెల్స్ మీద నడుస్తుంది. పెద్ద కంపెనీ ముద్ర ఉన్నవి ఖరీదెక్కువ. ముద్ర లేనివి వెయ్యి నుంచి రెండు వేల రూపాయల మధ్య దొరుకుతాయి. ఈ సమీక్ష ముద్ర లేనివాటి గురించే. విశాఖ చుట్టుపక్కల కొండలెక్కి మబ్బుల్నీ, పొద్దుపొడుపునీ, ఓడల్నీ టైమ్‌ల్యాప్స్ (విరామమిచ్చి తీసిన ఫొటోలు కలిపి చేసే వేగపు వీడియో) తీయాలనుకునేవాళ్ళకి ఇది సరిపోతుందా అన్నదే చూడాలి. లెక్కలన్నీ కానన్ 1500డి, దానితో వచ్చే 18-55 లెన్సు మీద చెబుతున్నాను. విరామమిచ్చి వరసగా ఫొటోలు తీసే సదుపాయం ఆ కెమెరాలో లేదు కాబట్టి ఇలాంటి టైమర్ అవసరం దానికే ఎక్కువ.

కొనదగ్గదే. ఐదుకి నాలుగు ఇస్తాను. ఆ తగ్గిన ఒక్క మార్కూ ఎందుకో తెలియాలంటే ఇది పని చేసే తీరు తెలియాలి.

1500డిలో రిమోట్ పిన్ను 2.5 మిల్లీమీటర్లది. దాని మీద మూడు మెటల్ భాగాలుంటాయి: ఒకటి గ్రౌండు, ఒకటి ఫోకస్, ఒకటి షట్టర్. టైమర్ చేసేదల్లా చెప్పిన వేళకి ఫోకస్ తీగనీ షట్టర్ తీగనీ గ్రౌండుకి కలపడం, మళ్ళీ విడదీయడం. కెమెరా నుంచి తిరిగి కబురేమీ రాదు. కాలింగ్ బెల్ నొక్కేవాడికి లోపల ఎవరైనా లేచారో లేదో తెలియనట్టే, ఫొటో పడిందో లేదో టైమర్‌కి తెలియదు. తెర మీద ఫ్రేముల సంఖ్య మాత్రం ఒక్కొక్కటీ మారుతూనే ఉంటుంది. కొండ మీద కూర్చుని 300 అని చూసి, ఇంటికొచ్చి కార్డు తెరిస్తే 211 ఉంటే ఆ తేడా ఇక్కడిదే. ఈ వస్తువుతో వచ్చే ఇబ్బందుల్లో చాలావరకు ఈ ఒక్క లక్షణం నుంచే పుడతాయి. దాన్ని దృష్టిలో పెట్టుకుని కెమెరాని ముందే సిద్ధం చేస్తే టైమర్ తన పని తాను తప్పకుండా చేస్తుంది.

కెమెరాని సిద్ధం చేయడమంటే, నొక్కిన ప్రతిసారీ ఫొటో పడేలా, అడ్డొచ్చే ప్రతిదాన్నీ ఆపేయడం. అన్నిటికంటే ముందు ఆటోఫోకస్. మబ్బు కమ్మినప్పుడో చీకట్లోనో లెన్సు ఫోకస్ దొరక్క అటూ ఇటూ తిరుగుతుంటే ఆ ఫ్రేము పోయినట్టే. లైవ్ వ్యూలో, అంటే వెనక తెర మీద దృశ్యం చూస్తూ, దూరంగా ఉన్న దీపాన్నో కొండ అంచునో పది రెట్లు పెద్దది చేసి ఫోకస్ కుదుర్చుకుని, లెన్సు మీది మీటని ఎంఎఫ్‌కి, అంటే మాన్యువల్ ఫోకస్‌కి, జరపండి. ఫోకస్ రింగు కదలకుండా చిన్న టేపు ముక్క అంటించండి. అదే చేత్తో, చేతి వణుకుని సర్దే ఐఎస్ మీట కూడా ఆపేయండి. ట్రైపాడ్ మీద అది ఆన్‌లో ఉంటే ఫ్రేము ఫ్రేముకీ దృశ్యం కొద్దికొద్దిగా జరిగి, వీడియోలో వణుకులా కనిపిస్తుంది.

రెండోది ఆటో పవర్ ఆఫ్. కెమెరా 30 సెకన్లకో నిమిషానికో నిద్రపోయేలా పెట్టి ఉండి, విరామం అంతకంటే ఎక్కువైతే, టైమర్ నొక్కిన మొదటి నొక్కు కెమెరాని లేపడానికే ఖర్చవుతుంది. ఫొటో పడదు. మెనూలో దాన్ని డిజేబుల్ చేయండి. ఎక్స్‌పోజర్ (షట్టర్ తెరిచి ఉండే సమయం) ఎక్కువైనప్పుడు ఫొటోలో పడే చుక్కల్ని తగ్గించే లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ కూడా ఆపాల్సిందే. అది ఆన్‌లో ఉంటే 15 సెకన్ల ఫొటో తర్వాత మరో 15 సెకన్లు కెమెరా లోపల పని చేసుకుంటుంది, ఆలోపు వచ్చిన నొక్కులేవీ లెక్కలోకి రావు. ఫొటో తీశాక తెర మీద చూపించే ఇమేజ్ రివ్యూ ఆపితే బ్యాటరీ మిగులుతుంది. డ్రైవ్ మోడ్ సింగిల్‌లోనే ఉండాలి. కంటిన్యువస్‌లో ఉంటే టైమర్ ఒక సెకను నొక్కి ఉంచేసరికి మూడు ఫ్రేములు పడిపోతాయి. వైట్ బ్యాలెన్స్ ఆటోలో వదలొద్దు, డేలైట్‌లో పెట్టండి. ఆటోలో ఉంటే మబ్బు అడ్డొచ్చినప్పుడల్లా రంగు మారుతుంది.

ఇక టైమర్ మీద సెట్ చేయాల్సినవి నాలుగు: డిలే, లాంగ్, ఇంటర్వల్, ఎన్. డిలే అంటే మొదటి ఫొటోకి ముందు ఎంతసేపు ఆగాలి. లాంగ్ అంటే బటన్‌ని ఎంతసేపు నొక్కి ఉంచాలి. ఇంటర్వల్ విరామం. ఎన్ ఫ్రేముల సంఖ్య. చాలా మోడళ్ళలో 399 దాకా పెట్టవచ్చు. రెండు గీతలు కనిపించేలా పెడితే ఆపేదాకా తీస్తూనే ఉంటుంది. కొత్తగా వాడేవాళ్ళు తికమకపడేది లాంగ్ దగ్గర. కెమెరాలో షట్టర్ 1/60 అని పెట్టి టైమర్‌లో లాంగ్ 5 సెకన్లు పెడితే ఎక్స్‌పోజర్ 1/60 సెకనే. లాంగ్‌తో ఎక్స్‌పోజర్ మారాలంటే కెమెరా బల్బ్‌లో, అంటే నొక్కినంతసేపూ షట్టర్ తెరిచి ఉండే మోడ్‌లో, ఉండాలి. 30 సెకన్ల లోపు ఎక్స్‌పోజర్లన్నిటికీ వేగం కెమెరాలోనే పెట్టి, టైమర్‌లో లాంగ్ ఒక సెకను దగ్గర ఉంచేయడం మంచిది. సున్నా దగ్గర ఉంచితే కొన్ని మోడళ్ళలో నొక్కు మరీ చిన్నదై కెమెరా పట్టించుకోదు.

ఇంటర్వల్ విషయంలో ముద్ర లేని టైమర్లన్నీ ఒకేలా ఉండవు. కొన్ని ఒక ఫొటో మొదలైన దగ్గర్నుంచి తర్వాతి ఫొటో మొదలయ్యేదాకా కొలుస్తాయి. కొన్ని బటన్ వదిలిన దగ్గర్నుంచి కొలుస్తాయి. పెట్టె మీద ఇది రాసి ఉండదు. కొన్న రోజునే కెమెరా బల్బ్‌లో పెట్టి, లాంగ్ 10, ఇంటర్వల్ 12 సెకన్లు ఇచ్చి, ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని చూడండి. 12 సెకన్లకోసారి షట్టర్ మోగితే మొదటి రకం, 22 సెకన్లకోసారి మోగితే రెండో రకం. నక్షత్రాలు తీసేటప్పుడు ఈ తేడా వీడియో మొత్తాన్నీ మార్చేస్తుంది.

ఎంత విరామం పెట్టాలి, ఎంతసేపు కూర్చోవాలి అన్నది లెక్క. వీడియో సెకనుకి 25 ఫ్రేములు. పది సెకన్ల క్లిప్పుకి 250 ఫొటోలు. 5 సెకన్ల విరామంతో అవి తీయడానికి 20 నిమిషాల 50 సెకన్లు పడుతుంది. రా ఫైలు (కెమెరా కుదించకుండా, మార్చకుండా దాచే ఫొటో) ఒక్కోటి 25 నుంచి 30 ఎంబీ అనుకుంటే ఆ క్లిప్పు 7.5 జీబీ దాటదు కాబట్టి 32 జీబీ కార్డు ఒక పూటకి చాలు. పొద్దుపొడుపు, పొద్దుగూకుడు అయితే రా ఫైళ్ళే తీయండి. మిట్టమధ్యాహ్నం మబ్బులకి జేపెగ్ సరిపోతుంది. ఒక సెకను విరామంతో రా తీస్తే నెమ్మది కార్డు రాసుకోలేక వెనకబడుతుంది, ఫ్రేములు మళ్ళీ పోతాయి.

పాడేరు దగ్గరి వంజంగి కొండ మీద మబ్బుల సముద్రం కోసం చాలామంది 10 సెకన్లు పెడతారు. అది ఎక్కువ. లోయలో మంచు పైకి దూరంగా, నిదానంగా కనిపించినా అంచుల దగ్గర చాలా చురుగ్గా పొర్లుతుంది. 10 సెకన్ల విరామంలో అది వీడియోలో గెంతుతున్నట్టుంటుంది. 3 సెకన్లు పెట్టండి. వీలైతే షట్టర్ సెకను, సెకనున్నర దగ్గర ఉంచితే కదలిక మెత్తగా వస్తుంది. విరామంలో సగం ఎక్స్‌పోజర్ అన్నది మంచి కొలత. వెలుతురులో అంతసేపు తెరవాలంటే లెన్సులోకి వచ్చే వెలుతురుని తగ్గించే నల్లద్దం, అంటే ఎన్‌డీ ఫిల్టర్, కావాలి. ఈ కిట్ లెన్సుకి 58 మిల్లీమీటర్లది పడుతుంది. తెల్లవారుజామున మూడు స్టాపుల ఎన్‌డీ 8 చాలు (ఒక్కో స్టాపుకీ వెలుతురు సగమవుతుంది). ఎండెక్కాక పది స్టాపులది అవసరమవుతుంది. ఎపర్చర్‌ని, అంటే లెన్సు లోపలి రంధ్రాన్ని, బాగా బిగించి ఎన్‌డీ లేకుండా గడుపుకుందామంటే వేరే చిక్కుంది: ప్రతి ఫొటోకీ లెన్సు రేకులు మూసుకునేటప్పుడు వెంట్రుకవాసి తేడా వస్తుంది, వీడియోలో ఆ తేడా మిణుకుమిణుకులా కనిపిస్తుంది. రేకులు కదలకుండా లెన్సు పూర్తిగా తెరిచి, అంటే 18 మి.మీ. దగ్గర ఎఫ్ 3.5లో, ఎన్‌డీతో తీయడమే శుభ్రమైన దారి.

కైలాసగిరి నుంచి సముద్రం వైపు చూస్తే రేవులోకి వెళ్ళేందుకు వేచి ఉన్న ఓడలు లంగరేసుకుని కనిపిస్తాయి. గాలి మారినప్పుడు అవి లంగరు చుట్టూ తిరుగుతూ ముక్కు దిశ మార్చుకుంటాయి. ఇది టైమ్‌ల్యాప్స్‌లో తప్ప కంటికి ఆనదు. 20 నుంచి 30 సెకన్ల విరామం, రెండు గంటల ఓపిక, 55 మి.మీ. దగ్గర జూమ్. ఇంతసేపు కెమెరా దగ్గరే కూర్చోలేని పనికి ఈ టైమర్ సరిగ్గా సరిపోతుంది. మధ్యాహ్నం సముద్రపు గాలి బలపడ్డాక ట్రైపాడ్ నిలవదు, పొద్దున్నే తీయాలి. పున్నమి నాడు ఇక్కడి నుంచే చంద్రోదయం తీయవచ్చు. చంద్రుడు తన వెడల్పంత దూరం కదలడానికి దాదాపు రెండు నిమిషాలు తీసుకుంటాడు కాబట్టి 3 నుంచి 5 సెకన్ల విరామం సరిపోతుంది.

తొట్లకొండ మీద నుంచి భీమిలి తీరం వైపు తీసే మబ్బులకి 3 నుంచి 5 సెకన్లు చాలు. అది రక్షిత బౌద్ధ క్షేత్రం కాబట్టి ఇటుక కట్టడాల మీద ట్రైపాడ్ కాళ్ళు పెట్టకండి, మూసే వేళ ముందే కనుక్కోండి. కంబాలకొండలోనూ అంతే, అటవీ శాఖ టికెట్టు, వేళలు ఉంటాయి. ఎర్రమట్టి దిబ్బల్లో కాళ్ళు ఇసుకలో దిగబడి ఫ్రేము మెల్లగా వాలిపోతుంది. అరగంట తర్వాత చూస్తే దిగంతం ఒంకరగా ఉంటుంది. కాళ్ళకింద మూడు చిన్న ప్లైవుడ్ పలకలు వేస్తే ఆగుతుంది. దిబ్బల అంచులు ఎక్కొద్దు, అవి ఒకసారి కూలితే తిరిగి రావు. డాల్ఫిన్స్ నోస్, యారాడ వైపు నౌకాదళ ప్రాంతం ఉంది. ఫొటోలు నిషేధం అన్న బోర్డు ఉన్నచోట ట్రైపాడ్ విప్పనే విప్పకండి. కెమెరా రేవు వైపు కాకుండా సముద్రం వైపు తిరిగి ఉందన్న వాదన పనికిరాదు.

మన తీరం తూర్పుముఖం కాబట్టి సూర్యుడు సముద్రంలోంచి వస్తాడు. జనవరిలో దాదాపు 6:30కి, జూన్ మొదట్లో 5:20, 5:25 మధ్య. మనం భూమధ్యరేఖకు దగ్గర కావడంతో సూర్యుడు నిటారుగా పైకొస్తాడు, వెలుతురు చకచకా మారిపోతుంది. పొద్దుపొడుపుకి ముందు ఇరవై నిమిషాల్లో మూడు నాలుగు నిమిషాలకో స్టాప్ చొప్పున పెరుగుతుంది. ఈ టైమర్ అసహాయంగా మిగిలేది ఇక్కడే. ఎక్స్‌పోజర్ మార్చమని కెమెరాకి చెప్పే దారి ఆ పిన్నులో లేదు. మాన్యువల్‌లో, అంటే ఎక్స్‌పోజర్ మారకుండా, వదిలేస్తే వీడియో చీకట్లో మొదలై తెల్లగా మాడిపోతుంది. ఎపర్చర్ ప్రయారిటీలో పెడితే కెమెరా షట్టర్ వేగాన్ని తనే మారుస్తూ మూడో వంతు స్టాప్ చొప్పున గెంతుతుంది, ఆ గెంతులు మెరుపుల్లా కనిపిస్తాయి. దీనికి రెండు దారులున్నాయి. ఒకటి, మాన్యువల్‌లోనే ఉండి, రెండు ఫొటోల మధ్య విరామంలో చేత్తో షట్టర్ చక్రాన్ని ఒక్కో గాటు తిప్పడం. ఇందుకు విరామం 8 సెకన్లకు తగ్గకూడదు, ట్రైపాడ్ గట్టిగా ఉండాలి, వేలు మెత్తగా పడాలి. తర్వాత కంప్యూటర్లో ఎల్ఆర్ టైమ్‌ల్యాప్స్ లాంటి సాఫ్ట్‌వేర్ ఆ మెట్లను నున్నగా చేస్తుంది. రెండోది, ఎపర్చర్ ప్రయారిటీలో తీసి, ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లో ఉచితంగా ఉన్న డీఫ్లికర్ ఫిల్టర్‌తో మెరుపులు తగ్గించుకోవడం. మొదటిది మెరుగైన ఫలితమిస్తుంది, రెండోది తేలిక. రెండో దారిలో వెళ్తే కెమెరా పట్టీకి ఉన్న రబ్బరు మూతతో వ్యూఫైండర్ మూసేయండి. వెనక నుంచి ఎండ అందులో పడితే వెలుతురు కొలిచే మీటరు మోసపోతుంది.

నక్షత్రాలకి నగరం పనికిరాదు. అరకు, అనంతగిరి, లంబసింగి వైపు వెళ్ళాలి, అది కూడా అమావాస్య దగ్గర్లో. 18 మి.మీ. దగ్గర, ఈ కెమెరా సెన్సర్ చిన్నది కావడంతో వేసే 1.6 క్రాప్ లెక్కతో, 17 సెకన్లు దాటితే చుక్కలు గీతలవుతాయి. కెమెరాలో 15 సెకన్లు, ఎఫ్ 3.5, ఐఎస్ఓ (వెలుతురుకి సెన్సర్ స్పందన) 1600 నుంచి 3200, టైమర్ మొదటి రకమైతే ఇంటర్వల్ 18. రెండో రకంలో లాంగ్ 1 అయితే ఇంటర్వల్ 17 పెట్టాలి. ఎక్స్‌పోజరుకీ విరామానికీ మధ్య ఆ రెండు మూడు సెకన్ల ఎడం తప్పదు. కార్డు మీద రాసుకోవడానికి కెమెరాకి ఆ సమయం ఇవ్వకపోతే నొక్కు వృథా.

బ్యాటరీ టైమర్‌ది కాదు, కెమెరాదే అయిపోతుంది. టైమర్ సెల్స్ వారాల తరబడి వస్తాయి. 1500డిలో వాడే ఎల్‌పీ-ఈ10 బ్యాటరీ 860 ఎంఏహెచ్ది, కంపెనీ లెక్కలో వ్యూఫైండర్‌తో దాదాపు 500 ఫొటోలు. లైవ్ వ్యూ ఆపి తీస్తే ఒక క్లిప్పుకి ఢోకా లేదు. పొడవాటి ఎక్స్‌పోజర్లకి, లంబసింగి చలికి మాత్రం ఇది చప్పున దిగిపోతుంది. రెండో బ్యాటరీని సంచిలో కాకుండా చొక్కా లోపలి జేబులో, ఒంటి వెచ్చదనానికి దగ్గరగా ఉంచండి. బ్యాటరీ ఆకారంలో ఉండే డమ్మీని పెట్టి పవర్ బ్యాంకుకి కలిపే పద్ధతి కూడా ఉంది. కొన్ని పవర్ బ్యాంకులు కరెంటు తక్కువ లాగుతున్నారనుకుని వాటంతటవే ఆగిపోతాయి. కొండ ఎక్కేముందు ఇంట్లో గంటసేపు నడిపి చూడండి.

శీతాకాలం తెల్లవారుజామున ఏజెన్సీలో మంచు లెన్సు మీద కూర్చుంటుంది. మబ్బు లేని రాత్రి లెన్సు గాజు చుట్టూ ఉన్న గాలి కంటే చల్లబడి, తేమ దాని మీద పేరుకుంటుంది. ఫ్రేము మధ్య నుంచి మెల్లగా మసకబారడం మొదలైతే అదే. తుడిస్తే పది నిమిషాల్లో మళ్ళీ పడుతుంది, పైగా కెమెరా కదులుతుంది. యూఎస్‌బీతో నడిచే లెన్సు హీటర్ పట్టీని మొదటి ఫ్రేముకి ముందే చుట్టాలి.

తీరంలో శత్రువు ఉప్పు గాలి. టైమర్ పిన్ను మీద ఆకుపచ్చటి పొర వస్తే కనెక్షన్ ఉండీ లేనట్టుగా తయారవుతుంది. కొన్ని ఫ్రేములు పడతాయి, కొన్ని పడవు, కారణం ఎక్కడ వెతికినా దొరకదు. బీచ్ నుంచి వచ్చాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో పిన్ను తుడవండి. వాడనప్పుడు సెల్స్ తీసేయండి. ఈ టైమర్లలో చాలావాటికి ఆఫ్ స్విచ్ ఉండదు, పాత సెల్స్ కారితే స్ప్రింగులు తినేస్తాయి. గాలికి తీగ ఊగి పిన్ను వదులైపోవడం ఇంకో తరచు సమస్య. తీగని వెల్క్రోతో ట్రైపాడ్ కాలికి బిగించి, పిన్ను దగ్గర కొంచెం వదులుగా ఉంచితే బరువు పిన్ను మీద పడదు. బటన్ల తాళం ఉంటే వేసేయండి.

ఎవరికి అక్కర్లేదో కూడా చెప్పాలి. నికాన్ డి5600, సోనీ ఏ6400 లాంటి కెమెరాల్లో విరామపు షూటింగ్ లోపలే ఉంది. వాళ్ళకి 30 సెకన్లు దాటిన ఎక్స్‌పోజర్లకి తప్ప ఈ ఖర్చు దండగ. నికాన్ డి3500, కానన్ ఎం50లకి పిన్ను గుచ్చే రంధ్రమే లేదు. ఫోన్‌లో టైమ్‌ల్యాప్స్ తీసి గ్రూపులో పెట్టుకోవడం వరకే అయితే ఫోనే మేలు, ట్రైపాడ్ ఒక్కటి కొనుక్కోండి.

దుకాణానికి కెమెరా తీసుకెళ్ళి, గుచ్చి, బల్బ్‌లోనూ మామూలుగానూ రెండు విధాలా నొక్కి చూసే డబ్బివ్వండి. చూడ్డానికి ఒకేలా ఉన్నా కానన్ 2.5 మి.మీ. పిన్ను, కానన్ పెద్ద కెమెరాల మూడు కాళ్ళ పిన్ను, నికాన్ పిన్ను, సోనీ పిన్ను వేరువేరు. పొరపాటున ఇయర్‌ఫోన్ లావు పిన్ను ఇచ్చినా కౌంటర్ దగ్గరే తేలిపోతుంది. తీగ టైమర్‌కి అతికి ఉన్న మోడల్ కంటే, తీగ విడదీసి మార్చుకునే మోడల్ వంద, రెండొందలు ఎక్కువైనా అదే తీసుకోండి. ఈ వస్తువులో ముందు పాడయ్యేది పిన్ను దగ్గర తీగే. అది ఒక్కటీ మార్చుకుంటే సరిపోతుంది. రేపు కెమెరా మార్చినా తీగ మారితే చాలు.